మెదడువాపు జ్వరం: ఏ లక్షణం ముందు, ఎన్ని గంటల్లో?

2003 జూన్. వానలు అప్పుడే మొదలవుతున్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, అందులోనూ కరీంనగర్, వరంగల్ లాంటి తెలంగాణ జిల్లాల పల్లెల్లో పిల్లలకు ఒక జ్వరం పట్టుకుంది. పొద్దంతా వాకిట్లో ఆడుకున్న పిల్లకి రాత్రి అన్నం వేళకి ఒళ్ళు కాలిపోయేది. ఒకటి రెండు వాంతులయ్యేవి. అర్ధరాత్రి దాటాక కళ్ళు తేలేసి, పళ్ళు గిట్టకరుచుకుని, కాళ్ళూ చేతులూ కొట్టుకునేది. ఫిట్స్ ఆగాక కూడా సోయిలోకి వచ్చేది కాదు. తెల్లారేసరికి పిలిస్తే పలుకు లేదు, గిల్లితే ఏడుపు లేదు. పెద్దాసుపత్రికి చేరేసరికి ఊపిరి తీసుకునే తీరే మారిపోయి ఉండేది. చాలామంది పిల్లల్లో మొదటి జ్వరానికీ చివరి ఊపిరికీ మధ్య ఉన్నది ఒకటి రెండు రోజులే.

ఆగస్టు దాకా లెక్కకొచ్చిన పిల్లలు 329 మంది. వాళ్ళలో 183 మంది చనిపోయారు. సగానికి పైగా.

ఊళ్ళో అందరూ దాన్ని మెదడువాపు అన్నారు. మనకు మెదడువాపు అనగానే గుర్తొచ్చేది జపనీస్ ఎన్సెఫలైటిస్. కానీ పిల్లల రక్తం, వెన్నునీరు పరీక్షిస్తే జపనీస్ ఎన్సెఫలైటిస్ లేదు. వెస్ట్ నైల్ లేదు, డెంగీ లేదు, తట్టు లేదు. ఎంటెరో వైరస్‌లు, ఇన్‌ఫ్లూయెంజా కూడా లేవు. మరి ఆ పిల్లల మెదడులో దూరింది ఏమిటి?

ఈ ప్రశ్నకు జవాబు దొరికిన తీరు తెలిస్తే మెదడువాపు జ్వరాల గురించి చాలా సంగతులు విడిపోతాయి. నేను ఇక్కడ చెప్పదలచుకున్నది ప్రధానంగా ఒకటే. జ్వరం, వాంతులు, ఫిట్స్, స్పృహ తప్పడం అన్నవి ఈ జబ్బులన్నిటిలోనూ కనబడతాయి. వాటి పేర్లు వల్లె వేసుకుంటే ఉపయోగం తక్కువ. ఏది ముందు వచ్చింది, ఎన్ని గంటల్లో వచ్చింది, ఏ వయసు వాళ్ళకి వచ్చింది, ఇంటి చుట్టూ ఏముంది అని చూస్తేనే జబ్బు ఆనవాలు దొరుకుతుంది.

అన్నిటికీ అవే లక్షణాలు ఎందుకు?

కాలు వాస్తే చర్మం సాగుతుంది. మెదడు వాస్తే పుర్రె సాగదు. లోపల చోటు లేక ఒత్తిడి పెరుగుతుంది. దానివల్ల తలనొప్పి, వాంతులు వస్తాయి. ఈ వాంతులకి తిన్న తిండితో పెద్దగా సంబంధం ఉండదు. నీళ్ళు తాగినా బయటికి చిమ్మినట్టు వచ్చేస్తుంది. పసిపిల్లల్లో అయితే నడినెత్తి మీద మెత్తగా ఉండే మాడు ఉబ్బుతుంది. తలనొప్పి అని చెప్పలేని ఆ వయసులో ఆపకుండా ఏడవడం, పాలు తాగకపోవడం, ఎత్తుకుంటే ఇంకా ఎక్కువ ఏడవడం కూడా లక్షణాలే.

మెదడు పైపొర రేగితే ఫిట్స్ వస్తాయి. మనల్ని మెలకువగా ఉంచే భాగాలు దెబ్బతింటే ముందు మత్తు, తర్వాత స్పృహ లేకపోవడం. స్పృహ ఒక్కసారిగా పోనక్కర్లేదు. పిల్ల తల్లిని గుర్తుపట్టకపోవచ్చు, అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్పవచ్చు, ఉన్నట్టుండి అరవవచ్చు, లేనిదాన్ని చూసి భయపడవచ్చు. గాలి సోకిందనీ దయ్యం పట్టిందనీ తాయెత్తు కోసం బయల్దేరేది సరిగ్గా ఇక్కడే. ఆ ఇంటివాళ్ళని నేను తప్పుపట్టలేను. నిన్నటిదాకా బాగున్న పిల్ల ఇవాళ వేరే మనిషిలా మాట్లాడుతుంటే ఎవరికైనా కాళ్ళూ చేతులూ ఆడవు. కానీ అలా పోయే మూడు నాలుగు గంటలే ఈ జబ్బులో అన్నిటికన్నా విలువైనవి.

ఒత్తిడి ఇంకా పెరిగితే మెదడు అడుగున, మెడకి పైన ఉండే బ్రెయిన్ స్టెమ్ నలుగుతుంది. ఊపిరి, గుండె, బీపీ అక్కడి అదుపులోనే నడుస్తాయి. అప్పుడు పిల్ల చేతులు చాచుకుపోయి, అరచేతులు బయటి వైపు మెలితిరిగి, వీపు విల్లులా వంగి బిగుసుకుపోతుంది. ఒక కంటిపాప పెద్దది, ఒకటి చిన్నది కావచ్చు. ఊపిరి గబగబా సాగి, మధ్యలో ఆగి, మళ్ళీ మొదలవుతుంది. ఐసీయూ డాక్టర్లు అన్నిటికన్నా భయపడే దశ ఇది.

వైరస్ ఏదైనా మెదడు చూపించగలిగే లక్షణాలు ఈ కొన్నే. అందుకే మన ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ ముందు వైరస్ పేరు కోసం ఆగదు. ఏ వయసు వాళ్ళకైనా, ఏ కాలంలోనైనా, ఉన్నట్టుండి జ్వరం వచ్చి, దానితో పాటు తికమక, మాట రాకపోవడం, స్పృహ తప్పడం లాంటి మార్పు గానీ, కొత్తగా ఫిట్స్ గానీ ఉంటే దాన్ని అక్యూట్ ఎన్సెఫలైటిస్ సిండ్రోమ్, పొట్టిగా ఏఈఎస్, అని రాసుకుంటుంది. జబ్బు ఏదో తేల్చడం ఆ తర్వాతి పని. పేపర్లో 'ఏఈఎస్ కేసులు ఇన్ని' అని చదివితే అందులో వైరస్‌లు, బాక్టీరియా, విషాలు, ఇంకా కారణం తేలనివి అన్నీ కలిసి ఉన్నాయని అర్థం చేసుకోవాలి.

ఇందులో మామూలు జ్వరం ఫిట్స్‌ని కలపరు. చిన్నపిల్లల తల్లిదండ్రులకి ఈ తేడా తెలియడం చాలా ముఖ్యం. ఆరు నెలల నుంచి ఆరేళ్ళ లోపు పిల్లల్లో జ్వరం పెరిగినప్పుడు ఫిట్స్ రావడం మామూలే, చాలా ఇళ్ళల్లో చూసిందే. అది ఒళ్ళంతా ఒకేసారి వస్తుంది, ఒక్కసారే వస్తుంది, పదిహేను నిమిషాల లోపే ఆగుతుంది. గంటలోగా పిల్ల తేరుకుని అమ్మని గుర్తుపట్టి ఏడుస్తుంది. ఆ ఏడుపు మంచి కబురు. గంట దాటినా తేరుకోకపోయినా, ఫిట్ మళ్ళీ వచ్చినా, ఒక పక్క చెయ్యో కాలో మాత్రమే కొట్టుకున్నా అది మామూలు జ్వరం ఫిట్ అని వదిలేయడానికి లేదు. అసలు మొదటిసారి ఫిట్ వచ్చిన పిల్లని ఏ సందర్భంలోనైనా డాక్టరుకి చూపించాల్సిందే.

తుపాకి గుండు ఆకారం

2003లో ఆ పిల్లల నమూనాలు పుణెలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీకి చేరాయి. ఆరుగురు పిల్లల నమూనాల నుంచి ఒక వైరస్‌ని పెంచగలిగారు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద అది తుపాకి గుండులా కనిపించింది, ఒక చివర గుండ్రంగా, ఇంకో చివర కోసినట్టుగా. రేబిస్ వైరస్ కుటుంబపు ఆకారం అది. చూస్తే అది కొత్త వైరస్ కాదు. 1965లో మహారాష్ట్రలో, నాగపూర్ దగ్గర చాందీపురా అనే ఊళ్ళో, జ్వరం వచ్చిన ఇద్దరి రక్తంలో మొదటిసారి దొరికినది. ఊరి పేరే దానికి పెట్టారు. దాదాపు నలభై ఏళ్ళ తర్వాత మన దగ్గర దొరికిన వైరస్ జన్యువులు ఆ పాత వైరస్‌తో 97 శాతం దాకా సరిపోయాయి. చనిపోయిన ఒక పాప మెదడు కణజాలంలోనూ దాని ఆనవాళ్ళు కనిపించాయి.

చాందీపురాని మోసేది ఇసుక ఈగ. పేరుకి ఈగే గానీ దోమ కన్నా చాలా చిన్నది, రెండు మూడు మిల్లీమీటర్లు. ఒళ్ళంతా నూగు, వాలినప్పుడు రెక్కలు పైకి లేపి పెట్టుకుంటుంది. దోమలా చెవి దగ్గర రొద చేయదు. ఎక్కువ దూరం ఎగరలేదు, గెంతినట్టు చిన్న చిన్న దూరాలు పోతుంది. మట్టిగోడల పగుళ్ళు, పశువుల కొట్టం, పేడకుప్ప చుట్టుపక్కల తేమ నేల దాని ఇల్లు. మామూలు దోమతెర కన్నాల్లోంచి దూరిపోగలదు. మందు పూసిన దోమతెరలు, గోడల పగుళ్ళు పూడ్చడం, లోపలి గోడలకి మందు కొట్టడం దీనికి పనిచేస్తాయి. దోమల కోసం కాలువల్లో మందు చల్లితే దీనికి ఏమీ కాదు, ఎందుకంటే ఇది నీళ్ళల్లో గుడ్లు పెట్టదు. కాబట్టి జబ్బు పేరు సరిగ్గా తేలకపోతే మందు కొట్టే చోటు కూడా తప్పుతుంది.

చాందీపురా లక్షణాల్లో కొట్టొచ్చినట్టు కనిపించేది వేగం. జ్వరం, వాంతులు, ఫిట్స్, కోమా అన్నీ ఒక పగలు, ఒక రాత్రిలో. ఎక్కువగా పదిహేనేళ్ళ లోపు పిల్లల్లోనే. 'మంచిగనే పండుకుంది సార్, పొద్దున లేపితే లేస్తలేదు' అని తల్లి చెప్పే ఒక్క మాటలో డాక్టరుకి కావాల్సిన చరిత్ర సగం ఉంది.

ఇక్కడే డాక్టర్ల మధ్య ఒక వాదన నడిచింది. అది మన భాషకీ సంబంధించిన వాదనే అనిపిస్తుంది నాకు. తెలుగులో వాపు అంటే నీరు పట్టి ఉబ్బడమూ వాపే, దెబ్బ తగిలో క్రిములు చేరో ఎర్రబడి రేగడమూ వాపే. వైద్యంలో ఇవి రెండూ వేరు. ఎన్సెఫలైటిస్ అంటే రెండోది. వైరస్‌తో పోరాడటానికి తెల్లకణాలు మెదడులోకి చేరతాయి, అప్పుడు వెన్నునీటిలోనూ ఆ కణాలు పెరుగుతాయి. 2003లో చాలామంది పిల్లల వెన్నునీరు మాత్రం దాదాపు మామూలుగా ఉంది. మెదడు ఉబ్బింది, కానీ పోరాటం జరిగిన గుర్తులు లేవు. అందుకని కొందరు డాక్టర్లు ఇది ఎన్సెఫలైటిస్ కాదనీ, మెదడు రక్తనాళాలకి సంబంధించి పక్షవాతం లాంటిది హఠాత్తుగా వచ్చిందనీ వాదించి దానికి 'ఎపిడెమిక్ బ్రెయిన్ అటాక్' అని పేరు పెట్టారు. రెండో వైపు వాళ్ళు వైరస్సే దొరికింది కదా అన్నారు. శరీరం పోరాటం మొదలెట్టేలోపే పిల్ల చనిపోతుంటే ఆ గుర్తులు ఎక్కడ కనబడతాయన్నది కూడా ఆలోచించాల్సిన మాట. యాంటీబాడీల పరీక్షలో జబ్బు మొదలై నాలుగు రోజులు దాటిన పిల్లల్లోనే ఎక్కువగా పాజిటివ్ వచ్చింది. అంటే రెండో రోజే పోయిన పిల్లకి ఆ పరీక్ష చేస్తే నెగెటివ్ రావచ్చు. నెగెటివ్ అన్నంత మాత్రాన వైరస్ లేదనుకోకూడదు.

ఈ వాదన పండితుల గొడవగా కనిపించవచ్చు. కానీ ఐసీయూలో దాని అర్థం సూటిగా ఉంటుంది. చాందీపురాని చంపే మందు ఇప్పటికీ లేదు, టీకా లేదు. పిల్ల బతకాలంటే ఫిట్స్ ఆపడం, ఊపిరి అందించడం, మెదడు ఒత్తిడి తగ్గించడం, షుగర్, బీపీ నిలబెట్టడం, ఇవే దారి. ఇవన్నీ మొదటి కొన్ని గంటల్లో జరగాలి.

పోయిన జబ్బు కాదిది. 2024 జూన్ నుంచి ఆగస్టు 15 దాకా దేశంలో 245 ఏఈఎస్ కేసులు వచ్చాయి, 82 మంది చనిపోయారు. వాటిలో 64 మందికి చాందీపురా అని తేలింది. అందులో 61 గుజరాత్‌వి, మూడు రాజస్థాన్‌వి. మళ్ళీ అదే వానాకాలం మొదలు, మళ్ళీ పిల్లలే.

కొంగలు, పందులు, వరిమళ్ళు

జపనీస్ ఎన్సెఫలైటిస్ నడక వేరు. మన దేశంలో దీన్ని మొదట గుర్తించింది 1955లో, వెల్లూరు ప్రాంతంలో. తర్వాత ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లో చాలాసార్లు వచ్చింది. 2005లో ఉత్తరప్రదేశ్‌లోని గోరఖ్‌పూర్ చుట్టుపక్కల వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది, ఎక్కువమంది పిల్లలే. నీళ్ళు నిలిచిన వరిమళ్ళలో పెరిగే క్యూలెక్స్ దోమ దీన్ని మోస్తుంది. వైరస్ అసలు తిరిగేది కొంగల లాంటి నీటిపక్షుల్లో, పందుల్లో. పందికి పెద్దగా జబ్బు చేయదు గానీ దాని రక్తంలో వైరస్ బాగా పెరుగుతుంది, కుట్టిన దోమకల్లా అంటుతుంది. మనిషి రక్తంలో అంత ఎక్కదు, అందుకే మనిషి నుంచి దోమకి, దోమ నుంచి ఇంకో మనిషికి పాకదు. ఇంట్లో ఒకరికి వస్తే పక్కన పడుకున్నవాళ్ళకి అంటుకుంటుందన్న భయం అక్కర్లేదు.

దోమ కుట్టాక నాలుగు నుంచి పధ్నాలుగు రోజులకి జ్వరం మొదలవుతుంది. వైరస్ సోకినవాళ్ళలో చాలామందికి ఏమీ తెలియదు. సుమారు 250 మందిలో ఒకరికే మెదడుకి పాకుతుంది. అలా పాకిన వాళ్ళలో ముందు కొన్ని రోజులు జ్వరం, తలనొప్పి, వాంతులు, నీరసం. చాందీపురాలో ఒక రాత్రిలో జరిగేది ఇక్కడ రోజుల మీద జరుగుతుంది. తర్వాత మెడ బిగుసుకుంటుంది, మాట తడబడుతుంది, ఫిట్స్, మత్తు వస్తాయి.

దీనికి ఇంకో ప్రత్యేకత ఉంది. ఈ వైరస్ మెదడు నడిమధ్యలో ఉండే థాలమస్‌నీ, కదలికలని సర్దే పక్క భాగాలనీ ఎక్కువగా దెబ్బతీస్తుంది. అందుకే తేరుకుంటున్న ఎనిమిదేళ్ళ పిల్లవాడిలో ముసలివాళ్ళకి వచ్చే పార్కిన్సన్స్ లక్షణాలు కనబడతాయి. ముఖంలో ఏ భావమూ ఉండదు, రెప్ప కూడా అరుదుగా కొడతాడు. చెయ్యి పట్టుకుని మడిస్తే పళ్ళచక్రం తిప్పినట్టు ఆగి ఆగి వంగుతుంది. వేళ్ళు వణుకుతాయి, నోరు వంకర పోతుంది, మెడ తనంత తానే ఒక పక్కకి తిరిగిపోతుంది. కొందరిలో వెన్నుపాము దెబ్బతిని పోలియోలాగా ఒక కాలు చచ్చుబడుతుంది. మెదడువాపు కాలంలో ఏ జ్వరం పిల్లకైనా ఇలాంటి బిగుతు, వణుకు కనిపిస్తే జపనీస్ ఎన్సెఫలైటిస్ మీదే డాక్టరు చూపు ముందు పోతుంది. స్కాన్‌లో రెండు పక్కల థాలమస్ దెబ్బతిని కనిపిస్తే అనుమానం ఇంకా బలపడుతుంది.

మెదడుకి పాకినవాళ్ళలో చనిపోయేవాళ్ళు నూటికి ముప్ఫై మంది దాకా ఉంటారు. బతికినవాళ్ళలో నూటికి 30 నుంచి 50 మందికి లోపం మిగిలిపోతుంది: మాట, చదువు, ఒక చెయ్యి, కోపం మీద అదుపు. మన లెక్కల్లో వీళ్ళు 'కోలుకున్నవారు' అన్న గడిలో ఉంటారు. బడికి తిరిగి వెళ్ళలేని పిల్లని ఆ గడిలో పెట్టడం నాకు ఎప్పుడూ మింగుడుపడదు. డిశ్చార్జి అయ్యాక ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ, ఫిట్స్ మందులు ఏళ్ళ తరబడి కావాలి. ఆ ఖర్చూ ఆ తిరుగుడూ అంతా ఆ ఇంటి మీదే పడుతుంది.

ఒక్క మేలైన సంగతి ఏమిటంటే దీనికి టీకా ఉంది. 2006 నుంచి ముప్పు ఉన్న జిల్లాల్లో పిల్లలకి ఇస్తున్నారు. ఇప్పుడు తొమ్మిది నెలలకి ఒకటి, ఏడాదిన్నర ప్రాంతంలో ఇంకొకటి. కర్ణాటకలోని కోలార్‌లో ఒక రోగి నుంచి దొరికిన వైరస్ రకంతో హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసిన జెన్‌వ్యాక్ టీకా 2013లో వచ్చింది. కోలార్ అంటే చిత్తూరు జిల్లాకి పక్క ఊరే.

అనుమానం తప్పితే

1998 సెప్టెంబరులో మలేషియాలోని ఈపో నగరం దగ్గర పందుల ఫారాల్లో పనిచేసేవాళ్ళకి మెదడువాపు వచ్చింది. పందులు, దోమలు, మెదడువాపు అన్నీ కళ్ళముందే ఉన్నాయి కాబట్టి అధికారులు జపనీస్ ఎన్సెఫలైటిస్ అనుకున్నారు. దోమల మందు కొట్టారు, టీకాలు వేశారు. జబ్బు ఆగలేదు, ఇంకో రాష్ట్రానికి పాకింది.

లక్షణాలు మాత్రం మొదటి నుంచీ వేరే మాట చెబుతున్నాయి. జపనీస్ ఎన్సెఫలైటిస్ ఎక్కువగా పిల్లలకి వస్తుంది, ఇక్కడ పడిపోతున్నది వయసులో ఉన్న మగవాళ్ళు. దోమ అందరినీ కుడుతుంది, కానీ పందుల్ని చేత్తో పట్టుకున్న వాళ్ళకే జబ్బు వస్తోంది. టీకా వేయించుకున్నవాళ్ళూ పడిపోతున్నారు. మామూలుగా జబ్బు చూపించని పందులే అక్కడ పెద్దగా దగ్గుతూ చచ్చిపోతున్నాయి. మంచం మీద ఉన్న రోగుల్లో బీపీ, గుండె వేగం అదుపు తప్పి పెరుగుతున్నాయి. పొట్ట, మెడ, భుజం దగ్గర కండరాలు ఉండుండి టకటకా అదురుతున్నాయి. సుత్తితో తడితే మోకాలు ఎగరడం లేదు. ఇవి బ్రెయిన్ స్టెమ్, వెన్నుపాము పైభాగం దెబ్బతింటున్నాయన్న గుర్తులు.

1999 మార్చిలో మలయా విశ్వవిద్యాలయంలో చువా కావ్ బింగ్ ఆ వైరస్‌ని వేరుచేశారు. రోగి ఊరు సుంగై నిపా కావడంతో నిపా వైరస్ అయింది. మలేషియాలో 265 మందికి వస్తే 105 మంది చనిపోయారు. పది లక్షలకి పైగా పందుల్ని చంపాల్సి వచ్చింది. గబ్బిలాల నుంచి పందులకి, పందుల నుంచి మనుషులకి వచ్చిందని తర్వాత తేలింది.

అదే వైరస్ మన దేశంలో ఇంకో రూపంలో కనిపించింది. 2001లో పశ్చిమ బెంగాల్‌లోని సిలిగురిలో 66 మందికి వచ్చి 45 మంది పోయారు. ఎక్కువమంది ఆస్పత్రి సిబ్బంది, రోగుల్ని చూడటానికి వచ్చినవాళ్ళు. అప్పట్లో అది ఏమిటో తేలలేదు, దాచిపెట్టిన నమూనాలు పరీక్షించాక ఏళ్ళ తర్వాత నిపా అని తెలిసింది. 2018 మే నెలలో కేరళలోని కోళికోడ్‌లో మాత్రం తొందరగా పసిగట్టారు. ఒకే ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి మెదడువాపు రావడం, దానితో పాటు గుండె వేగం, బీపీ విపరీతంగా పెరగడం చూసి అక్కడి డాక్టర్లు నిపా పరీక్షకి పంపారు. అప్పటికే చాలామందికి అంటుకుంది, అధికారిక లెక్కలో 17 మంది చనిపోయారు. కానీ పేరు తేలాక రోగుల్ని వేరుచేసి, కలిసినవాళ్ళందరినీ వెతికి పట్టుకోవడంతో రెండు నెలల్లోపే ఆగిపోయింది. మలేషియాలో కన్నా ఇక్కడ దగ్గు, ఆయాసం ఎక్కువ, మనిషి నుంచి మనిషికి సోకడానికి అదీ ఒక కారణం. ఇంట్లో ఒకరికి మెదడువాపు వచ్చి, వాళ్ళకి సేవ చేసినవాళ్ళకీ అదే మొదలైతే అది చాందీపురా, జపనీస్ ఎన్సెఫలైటిస్ కాకపోవచ్చు, నిపా ఏమో అని చూడాలి. ఆ ఒక్క సంగతి ఆస్పత్రిలో అడుగుపెట్టగానే చెప్పాలి.

జ్వరం లేకుండా వస్తే

బీహార్‌లోని ముజఫర్‌పూర్‌లో ఏటా లిచీ పళ్ళ కాలంలో పిల్లలు తెల్లవారుజామున ఒక్క అరుపు అరిచి ఫిట్స్‌తో స్పృహ తప్పేవారు. ఏళ్ళ తరబడి దాన్నీ వైరస్ మెదడువాపు అనే అనుకున్నారు. 2014లో 390 మంది పిల్లలు చేరితే 122 మంది చనిపోయారు. పరిశీలించి చూస్తే చాలామందికి జ్వరమే లేదు, వెన్నునీరు మామూలుగా ఉంది. షుగర్ మాత్రం పడిపోయి ఉంది. పగలు తోటల్లో లిచీలు తిని, రాత్రి అన్నం తినకుండా పడుకున్న పిల్లలు వీళ్ళు. లిచీలోని ఒక విషపదార్థం శరీరం కొవ్వు నుంచి శక్తి తీసుకునే దారిని మూసేస్తుంది. ఖాళీ కడుపుతో ఉన్న బక్క పిల్లకి తెల్లవారేసరికి ఇంధనం అయిపోతుంది. రాత్రి అన్నం పెట్టి పడుకోబెట్టడం, ఆస్పత్రికి రాగానే షుగర్ చూసి గ్లూకోజ్ ఎక్కించడం అన్న రెండు చిన్న పనులు ఎన్నో ప్రాణాలు కాపాడగలవు. పిల్లకి జ్వరం ముందు వచ్చిందా, ఫిట్ ముందు వచ్చిందా అన్న ఒక్క ప్రశ్నకి ఇంత విలువ ఉంది.

గోరఖ్‌పూర్‌లోనూ టీకాల తర్వాత జపనీస్ ఎన్సెఫలైటిస్ తగ్గినా ఏఈఎస్ కేసులు ఆగలేదు. వెతికితే చాలావాటి వెనక స్క్రబ్ టైఫస్ దొరికింది. అది వైరస్ కాదు, మైట్ అనే చిన్న పురుగు (మంచం నల్లి కాదు) కుట్టడంతో వచ్చే బాక్టీరియా జబ్బు. చంకలో, గజ్జల్లో, చెవి వెనక సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు ఉందేమో చూస్తే దొరుకుతుంది. దొరికితే అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్ లాంటి మామూలు మందులతోనే తగ్గుతుంది. అందుకే పిల్ల బట్టలు విప్పి ఒళ్ళంతా వెతకాలంటాను.

ఇంట్లో చేయాల్సింది

ఫిట్ వస్తున్నప్పుడు పిల్లని నేల మీద ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లోని చొంగ, వాంతి బయటికి పోతాయి. తల కింద మెత్తటి గుడ్డ పెట్టండి, మెడ దగ్గర గుండీ విప్పండి. నోట్లో చెంచా, వేలు పెట్టకండి. నీళ్ళు పోయకండి, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చేతిలో తాళంచెవులు పెడితే ఫిట్స్ ఆగవు, వాటంతట అవి ఆగేవే ఆ సమయానికి ఆగుతాయి. ఐదు నిమిషాలు దాటితే ఆగుతుందేమోనని చూస్తూ కూర్చోకండి. జ్వరం తగ్గినా పిల్ల మత్తు వదలకపోతే దాన్ని నిద్ర అనుకోకండి. లేపి, పేరు అడగండి, అమ్మ ఎక్కడుందో చూపించమనండి.

2003లో మన రాష్ట్రంలో 108 లేదు. 2005లో వచ్చింది. ఆ వానాకాలం రాత్రుల్లో జీపుల కోసం, ఆటోల కోసం ఊరి చివర నిలబడిన వాళ్ళకి లేని సౌకర్యం ఇవాళ మన చేతి ఫోన్‌లో ఉంది. ఊరి ఆర్ఎంపీ సూది వేసి తెల్లారాక చూద్దామన్నా, ఫిట్ వచ్చి తేరుకోని పిల్లని పొద్దుటిదాకా ఇంట్లో ఉంచకండి. ఆక్సిజన్, ఐసీయూ ఉన్న ఆస్పత్రికే తీసుకెళ్ళమని అడగండి. వెళ్ళేటప్పుడు జ్వరం ఎన్నింటికి మొదలైంది, మొదటి ఫిట్ ఎన్నింటికి వచ్చింది, పేరు పెట్టి పిలిస్తే పిల్ల ఆఖరిసారి పలికింది ఎన్నింటికి అన్న మూడు టైములు ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి.